స్లో అయితే చాలు ఇంజిన్ ఆగిపోతోందా? ఏది ముందు చూడాలి, ఏది తర్వాత

మలుపు దగ్గర యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తారు. ఆర్పీఎం ముల్లు వెయ్యి దాటి కిందికి దిగి, ఎప్పటిలా నిలబడాల్సిన చోట నిలబడకుండా ఇంకా జారి, ఒక్కసారి వణికి సున్నాకి పడిపోతుంది. స్టీరింగ్ బిగుసుకుంటుంది. డాష్‌బోర్డు మీద ఎర్ర లైట్లు వెలుగుతాయి. వెనక హారన్లు మొదలవుతాయి. తాళం తిప్పితే ఏమీ జరగనట్టే బండి మళ్లీ స్టార్ట్ అవుతుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే అక్కడ అరగంట నడిపినా ఆగదు.

అసలు చిక్కంతా అక్కడే ఉంది. లోపం ఆయన కళ్లముందు కనపడదు కాబట్టి అనుమానం మీద సామాన్లు మార్చడం మొదలవుతుంది. ఇవాళ ప్లగ్గులు, వచ్చే వారం పెట్రోలు పంపు, ఆ తర్వాత ఇంకేదో సెన్సర్. డబ్బు పోతుంది, బండి మాత్రం అలాగే ఆగుతుంది. అందుకే ఏ సామాను పాడైందని వెతికే ముందు, ఎప్పుడు ఆగుతోందో పట్టుకోండి. సగం జవాబు అందులోనే దొరుకుతుంది. ఈ వివరాలన్నీ ముఖ్యంగా పెట్రోలు ఇంజెక్షన్ కార్లకు. డీజిల్, బైకుల సంగతి చివర్లో చెప్తాను.

ముందు ఒక్కటి చూసుకోండి. బండి పూర్తిగా నిలబడ్డాకే ఇంజిన్ ఆగి, బ్రేక్ మీద నుంచి కాలు తీయగానే లేదా క్లచ్ తొక్కగానే దానంతటదే స్టార్ట్ అవుతుంటే అది లోపం కాదు. పెట్రోలు ఆదా కోసం కొత్త కార్లలో పెట్టిన స్టార్ట్-స్టాప్ ఏర్పాటు అది. 'ఏ' అక్షరం చుట్టూ గుండ్రటి బాణం ఉన్న బటన్ నొక్కితే ఆ ఏర్పాటు ఆఫ్ అవుతుంది. కొత్తగా కారు కొన్నవాళ్లు దీన్ని చూసి టెన్షన్ పడటం మామూలే.

ఆగిన ఆ క్షణంలో

రిపేరు సంగతి తర్వాత. నడుస్తున్న బండిలో ఇంజిన్ ఆగితే ఏం చెయ్యాలో ముందే తెలిసి ఉండాలి. అప్పటికప్పుడు ఆలోచించుకునే టైమ్ ఉండదు.

ఇంజిన్ ఆగినా బ్రేకులు వెంటనే పోవు. ఒకటి రెండు సార్లు తొక్కడానికి సరిపడా వాక్యూమ్ బ్రేక్ బూస్టర్‌లో మిగిలి ఉంటుంది. కాబట్టి తొక్కుతూ వదులుతూ దాన్ని ఖర్చు చెయ్యకండి. ఒకేసారి గట్టిగా తొక్కి అలాగే పట్టుకోండి. ఆ వాక్యూమ్ అయిపోయినా బ్రేకు పడుతుంది, కాకపోతే కాలికి చాలా బలం పెట్టాలి. స్టీరింగ్ కూడా తిరుగుతుంది, బరువుగా తిరుగుతుంది. రెండు చేతులతో పట్టుకుని తిప్పండి.

హజార్డ్ లైట్లు వేసి, న్యూట్రల్‌లోకి తెచ్చి స్టార్ట్ చెయ్యండి. ఆటోమేటిక్ అయినా న్యూట్రలే, బండి కదులుతుండగా పార్కింగ్‌లో పెట్టకూడదు. తాళాన్ని పూర్తిగా వెనక్కి తిప్పి బయటికి లాగితే స్టీరింగ్ లాక్ పడుతుంది. ఆ పొరపాటు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చెయ్యకండి. స్టార్ట్ అయితే మెల్లగా పక్కకి తీసి ఆపండి. ఇంట్లో ఇంకెవరైనా ఆ బండి నడుపుతుంటే వాళ్లకీ ఇదంతా ఒకసారి చెప్పి, ఖాళీ స్థలంలో ఇంజిన్ ఆపి బ్రేకు ఎలా ఉంటుందో తొక్కి చూపించండి.

స్లోలోనే ఎందుకు ఆగుతుంది

కాలు యాక్సిలరేటర్ మీద ఉన్నప్పుడు ఇంజిన్‌లోకి గాలి, పెట్రోలు పుష్కలంగా వెళ్తాయి. చిన్న చిన్న లోపాలు ఆ ఊపులో కొట్టుకుపోతాయి. కాలు తీయగానే త్రాటిల్ రేకు, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిని తెరిచి మూసే పలక, దాదాపు మూసుకుంటుంది. ఇంజిన్ బతకడానికి కావలసిన గాలి ఆ రేకు అంచున ఉన్న సన్నని సందులోంచి, పాత బండ్లలోనైతే పక్కన ఉన్న ఐడిల్ వాల్వ్ లోంచి రావాలి. ఐడ్లింగ్, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, మామూలుగా 650 నుంచి 900 ఆర్పీఎం మధ్య ఉంటుంది. అంత నెమ్మదిగా తిరిగే ఇంజిన్‌కి చేతిలో మిగులు బలం ఉండదు. సరిగ్గా అప్పుడే ఏసీ కంప్రెసర్ ఆన్ అవుతుంది, స్టీరింగ్ తిప్పుతారు, హెడ్‌లైట్లు కరెంటు లాగుతుంటాయి. దిగిపోతున్న ఆర్పీఎంని ఇంజిన్ కంప్యూటర్ క్షణంలో పట్టి నిలబెట్టాలి. గాలి లెక్క తప్పినా, పెట్రోలు తగ్గినా, స్పార్క్ బలహీనమైనా, ఏదో సెన్సర్ తప్పుడు మాట చెప్పినా ఆ పట్టు జారిపోతుంది.

ఒక చిన్న పుస్తకం పెట్టండి

నాలుగైదు సార్లు ఆగేదాకా ఓపిక పట్టి, ఆగిన ప్రతిసారీ బండి పక్కకి తీశాక రెండు ముక్కలు రాసుకోండి. ఇంజిన్ చల్లగా ఉందా, వేడెక్కిందా. ఏసీ ఆన్‌లో ఉందా. బ్రేకు తొక్కినప్పుడా, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడా. గేరులో ఉండగానా, న్యూట్రల్‌లోనా. ట్యాంకులో పెట్రోలు ఎంత ఉంది, ఎప్పుడు పోయించారు. ఆగేముందు వణికిందా, లేక స్విచ్ కట్టేసినట్టు టక్కున ఆగిందా. వెంటనే స్టార్ట్ అయిందా, కాసేపు ఆగాల్సి వచ్చిందా.

వణుకుతూ మెల్లగా చచ్చిపోతే ఎక్కువగా గాలి లేదా పెట్రోలు సమస్య. టక్కున ఆగితే కరెంటు పోయినట్టు: ఇగ్నిషన్, సెన్సర్, వైరు, రిలే. ఈ ఒక్క తేడా నాకు చాలాసార్లు దారి చూపింది.

ఇంకో ప్రశ్న కూడా రాసుకోండి. ఆగడం మొదలయ్యే ముందు బండికి ఏం చేయించారు? సర్వీసింగ్ అయిన మర్నాటి నుంచే ఆగుతుంటే అక్కడ ఊడదీసిన పైపు సరిగా ఎక్కలేదేమో, వైర్లు కలిపే కప్లర్ సగమే దిగిందేమో చూడాలి. బ్యాటరీ మార్చాక మొదలైతే కారణం వేరే ఉంది. త్రాటిల్‌లో మసి పేరుకుంటున్న కొద్దీ కంప్యూటర్ రేకును కొంచెం కొంచెం ఎక్కువ తెరుస్తూ సర్దుకుంటూ వస్తుంది. బ్యాటరీ తీయగానే చాలా బండ్లలో ఆ జ్ఞాపకం చెరిగిపోతుంది. మసి మాత్రం అక్కడే ఉంటుంది. అంటే కొత్త బ్యాటరీ తప్పేమీ లేదు, అన్నాళ్లూ దాగి ఉన్న మసి అప్పుడు బయటపడింది.

చేతితో చూడగలిగినవి

బానెట్ ఎత్తే ముందు బండిని గాలి ఆడే చోట, చదునుగా ఉన్న నేల మీద పెట్టి హ్యాండ్‌బ్రేక్ వెయ్యండి. మూసిన షెడ్డులో ఇంజిన్ ఆన్ చేసి పరీక్షలు చెయ్యకూడదు, పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. రేడియేటర్ ఫ్యాన్ దానంతటది తిరగడం మొదలెడుతుంది కాబట్టి వేళ్లు, వదులు బట్టలు దూరంగా ఉంచండి.

ఎయిర్ ఫిల్టర్ తీసి వెలుతురుకి పట్టి చూడండి. ఫిల్టర్ డబ్బా నుంచి త్రాటిల్ దాకా వెళ్లే లావుపాటి రబ్బరు గొట్టం క్లిప్పులు బిగుతుగా ఉన్నాయా చూడండి. ఇంజిన్ ఆయిల్ మూత, డిప్‌స్టిక్ సరిగా కూర్చున్నాయా? కొన్ని ఇంజిన్లలో ఆయిల్ మూత వదులుగా ఉన్నా బయటి గాలి దొంగదారిన లోపలికి వెళ్లి ఐడ్లింగ్ పాడవుతుంది.

బ్యాటరీ టెర్మినళ్లు చేత్తో కదిపితే కదలకూడదు. చవకపాటి మల్టీమీటర్ ఉంటే చాలు. రాత్రంతా ఆగి ఉన్న బండిలో బ్యాటరీ దగ్గర 12.6 వోల్టుల దాకా ఉండాలి. ఇంజిన్ నడుస్తుండగా చాలా బండ్లలో 13.8 నుంచి 14.5 మధ్య చూపిస్తుంది. హెడ్‌లైట్లు, ఏసీ, వెనక అద్దం హీటర్ అన్నీ వేసి ఐడ్లింగ్‌లో చూడండి. 13 కంటే బాగా కిందికి పడిపోతుంటే ఆల్టర్నేటర్‌ని, బెల్టుని, ఎర్త్ వైరుని చూపించాలి. కొత్త బండ్లలో కొన్నింటిలో కంప్యూటరే కావాలని చార్జింగ్ తగ్గిస్తుంది కాబట్టి ఒక్క రీడింగ్ చూసి కంగారు పడొద్దు.

తాళం గుత్తి బరువు కూడా చూడండి. ఇది చిన్న విషయం కాదు. అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 2014లో సుమారు 26 లక్షల కార్లను వెనక్కి పిలిపించడానికి కారణం ఇగ్నిషన్ స్విచ్చే. కుదుపుకో, గుత్తి బరువుకో తాళం 'రన్' స్థానం నుంచి జారి ఇంజిన్ ఆగిపోయేది, దాంతో ఎయిర్‌బ్యాగులు కూడా పనిచేసేవి కావు. పరిహార నిధి 124 మరణాలను ఆ లోపానికి సంబంధించినవిగా గుర్తించింది. మీ బండి గతుకుల్లో టక్కున ఆగుతుంటే, నిలబెట్టి ఐడ్లింగ్‌లో ఉంచి తాళాన్ని మెల్లగా అటూ ఇటూ కదిపి చూడండి. ఇంజిన్ తడబడితే స్విచ్ అరిగింది.

స్కానర్ ఏం చెప్తుంది, ఏం చెప్పదు

స్టీరింగ్ కింద ఎక్కడో 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. దానికి పెట్టే బ్లూటూత్ స్కానర్, ఫోన్‌లో ఒక యాప్ ఉంటే చాలు. లోపం పసిగట్టినప్పుడు కంప్యూటర్ రాసిపెట్టుకునే నంబర్లే కోడ్లు. చెక్ ఇంజిన్ లైటు వెలగకపోయినా ఇంకా ఖాయం కాని పెండింగ్ కోడ్లు ఉండొచ్చు, చదివి చూడండి. చెరిపేసే ముందు ఫొటో తీసుకోండి. కోడ్‌తో పాటు దాచి ఉంచే 'ఫ్రీజ్ ఫ్రేమ్'లో ఆ క్షణాన ఆర్పీఎం ఎంత, ఇంజిన్ వేడి ఎంత అన్నీ ఉంటాయి. చెరిపితే అవీ పోతాయి.

పి0506 అంటే ఐడ్లింగ్ ఉండాల్సిన దానికంటే తక్కువగా ఉందని. పి0171 అంటే గాలి ఎక్కువై పెట్రోలు చాలడం లేదని. పి0335 అంటే ఇంజిన్ తిరగడాన్ని కనిపెట్టే క్రాంక్ సెన్సర్ సర్క్యూట్‌లో లోపం. పి0300 సిలిండర్లలో మిస్సింగ్. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి: కోడ్‌లో సెన్సర్ పేరు ఉన్నంత మాత్రాన ఆ సెన్సర్ పాడైందని కాదు. పి0171 చూసి ఆక్సిజన్ సెన్సర్ మార్చేవాళ్లు ఉన్నారు. ఆ సెన్సర్ అక్కడ నిజమే చెప్తుండవచ్చు.

కోడ్ల కంటే నాకు ఎక్కువ ఉపయోగపడేది లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్. అనుకున్న దానికంటే ఎంత ఎక్కువ లేదా తక్కువ పెట్రోలు పోయాల్సి వస్తోందో శాతంలో చూపిస్తుంది. షార్ట్, లాంగ్ అని రెండుంటాయి, కలిపి చూడండి. సున్నాకి అటూ ఇటూ 5 శాతం దాకా మామూలే. ఐడ్లింగ్‌లో ప్లస్ 15, 20 చూపించి, 2500 ఆర్పీఎంకి రేస్ ఇచ్చి పట్టుకుంటే సున్నా దగ్గరికి వచ్చేస్తే ఎక్కడో వాక్యూమ్ లీక్ ఉన్నట్టే. చిన్న రంధ్రంలోంచి దూరే గాలి ఐడ్లింగ్‌లో పెద్ద వాటా, రేస్‌లో చాలా చిన్న వాటా, అందుకే ఆ తేడా. అలా కాకుండా రేస్ పెరిగే కొద్దీ ట్రిమ్ కూడా పెరిగితే పెట్రోలు సరఫరా వైపు, లేదా గాలి కొలిచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ వైపు చూడాలి.

రాత్రంతా ఆగిన బండిలో పొద్దున్నే తాళం ఆన్ చేసి, స్టార్ట్ చెయ్యకుండా, కూలెంట్ టెంపరేచర్, లోపలికి వచ్చే గాలి టెంపరేచర్ చూడండి. రెండూ దాదాపు సమానంగా ఉండాలి. చల్లటి ఇంజిన్‌ని కూలెంట్ సెన్సర్ 70 డిగ్రీలుగా చూపిస్తుంటే, వేడి ఇంజిన్ అనుకుని కంప్యూటర్ పెట్రోలు తక్కువ పోస్తుంది. పొద్దున మొదటి రెండు మలుపుల్లోనే ఆగిపోయే బండ్లలో ఇది తప్పకుండా చూడాల్సిన విషయం.

త్రాటిల్ బాడీ: ఎక్కువసార్లు దొరికే దొంగ

కాలు తీయగానే ఆగడం, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ కావడం, యాక్సిలరేటర్ కొంచెం తొక్కి ఉంచితే బాగానే ఉండటం. ఈ మూడూ కలిస్తే ముందు త్రాటిల్ బాడీ తెరవండి.

ఇంజిన్ ఆపి, తాళం బయటికి తీసి, ఇంజిన్ చల్లారాక గాలి గొట్టం క్లిప్పు వదులు చేసి లాగండి. గుండ్రటి రంధ్రం, మధ్యలో ఇత్తడి రంగు రేకు కనపడతాయి. పైపైన చూస్తే శుభ్రంగానే అనిపిస్తుంది. టార్చ్ వేసి రేకు అంచుని, అది గోడకి ఆనే చోటుని చూడండి. అక్కడ చుట్టూ నల్లటి వలయం ఉంటుంది. చూపుడు వేలి గోటితో గీరితే జిగటగా, కాటుకలా వస్తుంది. మందం వెంట్రుకంతే. కానీ ఇంజిన్ ఊపిరి తీసుకునే సందు కూడా దాదాపు అంతే కదా.

త్రాటిల్ బాడీ క్లీనర్‌ని రేకు మీద నేరుగా గుమ్మరించకండి. మెత్తటి బట్ట మీద కొట్టి, ఆ బట్టతో తుడవండి. కొన్ని త్రాటిళ్లకి లోపల సన్నని పూత ఉంటుంది. వైరు బ్రష్షు, గరుకు కాగితం పెడితే ఆ పూత పోయి మళ్లీ ఎప్పటికీ సరిగా మూసుకోదు. ఎలక్ట్రానిక్ త్రాటిల్ అయితే రేకును వేలితో బలవంతంగా తోస్తే లోపలి గేర్లు దెబ్బతినొచ్చు. ఇంకా ముఖ్యం, తాళం ఆన్‌లో ఉండగా అందులో వేలు పెట్టకూడదు. మోటారు రేకుని ఒక్కసారిగా మూస్తే వేలు తెగుతుంది. రేకు వెనక వైపు అంచు శుభ్రం చెయ్యాలంటే మొత్తం ఊడదీయాలి. అది చేతకాదనుకుంటే అక్కడిదాకా వచ్చి ఆపెయ్యండి, మిగతాది మెకానిక్ చేస్తాడు.

మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ కూడా అదే దారిలో ఉంటుంది. దాని లోపలి సన్నని తీగని వేలితోగానీ బట్టతోగానీ ముట్టుకోవద్దు. దాని కోసమే అమ్మే క్లీనర్ కొట్టి, పూర్తిగా ఆరాక పెట్టండి.

శుభ్రం చేశాక మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఐడ్లింగ్ పైకి ఎక్కవచ్చు. పాత మసికి సర్దుకున్న కంప్యూటర్‌కి ఇప్పుడు సందు పెద్దదిగా ఉంది. కొన్ని బండ్లు ఒకటి రెండు రోజుల్లో వాటంతటవే నేర్చుకుంటాయి. కొన్నింటికి ఐడిల్ రీలెర్న్ చెయ్యాలి, అంటే ఐడ్లింగ్‌ని కంప్యూటర్‌కి మళ్లీ నేర్పాలి, ఆ పద్ధతి కంపెనీకో రకం. మీ బండి మాన్యువల్‌లోనో, స్కానర్ మెనూలోనో ఉంటుంది. అది చెయ్యకుండా 'క్లీన్ చేసినా లాభం లేదు' అనుకోవద్దు.

దొంగగాలి వెతకడం

వాక్యూమ్ లీక్‌కి నేను పెట్టుకున్న పేరు ఇది. త్రాటిల్ నుంచి సిలిండర్లకి గాలి పంచే ఇంటేక్ మానిఫోల్డ్ మీద నుంచి బయల్దేరే ప్రతి రబ్బరు గొట్టాన్నీ మొదటి నుంచి చివరి దాకా వేలితో తడుముతూ వెళ్లండి. పైన నునుపుగా ఉండి, వంపు తిరిగే చోట అడుగు భాగంలో చిట్లి ఉంటాయి. వంచితే పగులు నోరు తెరుస్తుంది, వదిలేస్తే మూసుకుంటుంది. అందుకే కళ్లతో చూసి సరిపెట్టుకుంటే దొరకవు. పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపల చేరే ఆవిర్లని తిరిగి ఇంటేక్‌లోకి పంపేది), బ్రేక్ బూస్టర్‌కి వెళ్లే లావు గొట్టం ముందు చూడండి.

ఇంజిన్ నడుస్తుండగా చెయ్యంత పొడుగున్న ప్లాస్టిక్ గొట్టం ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొస అనుమానం ఉన్న చోట్ల తిప్పితే 'ఉస్స్' అన్న శబ్దం స్పష్టంగా వినపడుతుంది. మండే స్ప్రేలు కొట్టి ఐడ్లింగ్ మారుతుందేమో చూసే పద్ధతి చాలామంది చెప్తారు. వేడి సైలెన్సర్ పైపు పక్కన అది నిప్పుతో చెలగాటం, నేను వద్దనే చెప్తాను. మెకానిక్ దగ్గర పొగ మిషను ఉంటే ఇంజిన్ ఆపి లోపలికి పొగ పంపుతారు, చిల్లు ఎక్కడుంటే అక్కడినుంచి పొగ లేస్తుంది. పది నిమిషాల పని, అనుమానానికి తావుండదు.

బ్రేకు తొక్కినప్పుడే ఆగే బండికి ఈ పరీక్ష చెయ్యండి. ఇంజిన్ ఆపి, బ్రేకు గట్టిపడేదాకా ఐదారు సార్లు తొక్కండి. తొక్కి పట్టుకునే స్టార్ట్ చెయ్యండి. పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోయినా, తొక్కినప్పుడల్లా కాలి దగ్గర ఉస్సుమని శబ్దం వచ్చి ఇంజిన్ వణికినా బూస్టర్‌గానీ దాని గొట్టంగానీ పోయింది. అప్పుడిక అది ఇంజిన్ సమస్య కాదు, బ్రేకుల సమస్య. బండి తీయకండి.

వేడెక్కాక ఆగి, చల్లారాక స్టార్ట్ అయితే

ఈ అనుభవం నాది. ముప్పావుగంట నడిచాక, స్లో అవుతుండగా టక్కున ఆగేది. ఎంత సెల్ఫ్ కొట్టినా పలికేది కాదు. ఇరవై నిమిషాలు ఆగితే ఒక్క తిప్పుకే స్టార్ట్. ఒక గ్యారేజీలో పెట్రోలు పంపు మార్చారు. వారం తిరగకుండా మళ్లీ అదే. నాలుగోసారి ఆగినప్పుడు, సెల్ఫ్ కొడుతూ ఆర్పీఎం ముల్లు వైపు చూశాను. ఇంజిన్ తిరుగుతోంది, ముల్లు సున్నా మీద నుంచి కదల్లేదు. చల్లారాక కొట్టినప్పుడు అదే ముల్లు 200 దగ్గర అల్లాడింది. పోయింది క్రాంక్ పొజిషన్ సెన్సర్. లోపలి సన్నటి తీగ చుట్ట వేడికి వ్యాకోచించి తెగి, చల్లారాక కలుస్తోంది. ఆ సెన్సర్ మాట వినపడకపోతే స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలో కంప్యూటర్‌కి తెలియదు, కాబట్టి స్పార్క్, పెట్రోలు రెండూ ఆపేస్తుంది.

కొన్ని బండ్లలో సెల్ఫ్ కొట్టేటప్పుడు ముల్లు ఎప్పుడూ కదలదు. అందుకని బండి బాగున్నప్పుడు ఒకసారి చూసి పెట్టుకోండి, లేదా స్కానర్‌లో ఆర్పీఎం చూడండి. ముల్లు కదులుతూ స్టార్ట్ కాకపోతే ఇగ్నిషన్ కాయిల్, పెట్రోలు వైపు వెళ్లండి. తాళం ఆన్ చేసినప్పుడు వెనక సీటు దగ్గర రెండు సెకన్ల పాటు సన్నటి మోత వినపడాలి, అది పంపు ప్రెషర్ పెంచుతున్న శబ్దం. ఆగిపోయిన ఆ వేడిలోనే వినాలి, ఇంటికొచ్చాక కాదు.

పెట్రోలుకి సంబంధించిన మరికొన్ని

పెట్రోలు పోయించిన వెంటనే స్టార్టింగ్ కష్టమై, మొదటి కిలోమీటరులో ఆగుతుంటే పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయి ఉంటుంది. ట్యాంకులోని ఆవిరిని ఇంజిన్‌లోకి పంపే వాల్వ్ అది. చల్లటి ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా, ట్యాంకు వైపు నుంచి దానికి వచ్చే గొట్టం తీసి వాల్వ్ మూతి మీద వేలు పెట్టండి. లాగుతుంటే మూసుకోవడం లేదన్నమాట. గన్ క్లిక్‌మన్నాక కూడా ఇంకొంచెం పోయించే అలవాటు ఉంటే మానండి, ఎక్కువైన ఆ పెట్రోలు, ట్యాంకు ఆవిరిని పట్టి ఉంచే డబ్బాలోకి చేరుతుంది.

ట్యాంకు అడుగంటినప్పుడు మలుపుల్లో మాత్రమే ఆగుతుంటే పెట్రోలు ఒక పక్కకి ఒరిగి పంపుకి అందడం లేదు. సగం ట్యాంకుతో నడిపి చూడండి. ప్రెషర్ గేజ్ పెట్టే పని మెకానిక్‌కి వదిలెయ్యండి. డైరెక్ట్ ఇంజెక్షన్ బండ్లలోనైతే ఆ పైపుల జోలికి అస్సలు వెళ్లొద్దు.

సైలెన్సర్ వైపు వెళ్లే పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ మసితో ఇరుక్కుని తెరిచి ఉండిపోతే పొగ తిరిగి లోపలికి వచ్చి ఐడ్లింగ్‌లో ఇంజిన్ ఉక్కిరిబిక్కిరవుతుంది, రేస్ ఇస్తే సర్దుకుంటుంది. తీసి శుభ్రం చేస్తే చాలాసార్లు బాగవుతుంది.

తప్పు ఇంజిన్‌ది కాకపోతే

ఆటోమేటిక్ బండి డ్రైవ్‌లో నిలబడేటప్పుడే ఆగి, నిలబడే ముందు న్యూట్రల్‌లోకి తెస్తే ఆగకపోతే, ఇంజిన్‌ని గేర్‌బాక్స్‌తో కలిపే టార్క్ కన్వర్టర్ లోపలి లాకప్ క్లచ్ విడవడం లేదేమో చూపించండి. మాన్యువల్ బండిలో క్లచ్ తొక్కకుండా బ్రేకు తొక్కితే ఎలా కొట్టుకుని ఆగుతుందో ఇదీ అంతే. మాన్యువల్‌లో క్లచ్ పూర్తిగా తొక్కినా బండి ముందుకి పాకుతుంటే క్లచ్ సర్దుబాటు చూడాలి.

డీజిల్, బైకు

డీజిల్‌లో మొదట ఫిల్టర్, అందులో చేరిన నీళ్లు, పైపు అతుకుల్లోంచి దూరే గాలి చూడండి. పారదర్శకమైన పైపు ఉంటే అందులో బుడగలు కనపడతాయి. కామన్ రైల్ (ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ చిమ్మే) బండ్లలో ఇవన్నీ బాగుండి కూడా స్లోలో ఆగుతుంటే, పంపులోకి వెళ్లే డీజిల్‌ని అదుపు చేసే సక్షన్ కంట్రోల్ వాల్వ్‌ని అనుమానించాలి.

కార్బ్యురేటర్ బైకు చాలా రోజులు వాడకుండా ఉంచాక ఆగుతుంటే ఐడ్లింగ్‌లో పెట్రోలు ఇచ్చే పైలట్ జెట్‌లో పెట్రోలు జిగురు కట్టింది. జెట్ తీసి వెలుతురుకి పడితే సూది మొనంత రంధ్రం కనపడాలి. తీగతో పొడవకండి, క్లీనర్, గాలి చాలు. అది చెయ్యకుండా ఐడిల్ స్క్రూ బిగిస్తూ పోతే అసలు లోపం మరుగున పడుతుంది. పది నిమిషాలు నడిచి ఆగే బైకుకి ట్యాంకు మూత తెరిచి చూడండి. గాలి లోపలికి లాక్కున్న శబ్దం వచ్చి ఆ తర్వాత బాగా నడిస్తే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. సైడ్ స్టాండ్ స్విచ్ కూడా గతుకుల్లో బైకుని ఆపగలదు.

మెకానిక్ దగ్గర, ఆ తర్వాత

'బండి ఆగిపోతోంది' అని చెప్పి తాళం ఇచ్చి రావద్దు. పుస్తకం చూపించండి: 'ఇంజిన్ వేడెక్కాక, ఏసీతో, ఎడమ వైపు మలుపులో, వణికి ఆగుతోంది, వెంటనే స్టార్ట్ అవుతోంది, ఐడ్లింగ్‌లో ట్రిమ్ ప్లస్ 18'. ఈ ఒక్క వాక్యంతో ఆయన సగం రోజు పని తగ్గుతుంది. ఒకేసారి నాలుగు సామాన్లు మార్చనివ్వకండి. ఒకటి మార్చి, నడిపి, చూసి, అప్పుడు రెండోది. తీసిన సామాను అడిగి తెచ్చుకోండి.

బాగైందో లేదో ఇంటి ముందు ఐడ్లింగ్‌లో తేలదు. ఏ పరిస్థితిలో ఆగేదో ఆ పరిస్థితినే మళ్లీ తీసుకురండి: ఇంజిన్ పూర్తిగా వేడెక్కించి, ఏసీ, హెడ్‌లైట్లు వేసి, ఖాళీ స్థలంలో స్టీరింగ్ చివరిదాకా తిప్పి, యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలెయ్యండి. ముల్లు కిందికి దిగి, ఐడ్లింగ్ మార్కు దగ్గర ఒక్క క్షణం తడబడినా వెంటనే నిలబడాలి. పదిసార్లు చెయ్యండి. పదిసార్లూ నిలబడితే వారం రోజులు మామూలుగా నడిపి, మళ్లీ స్కానర్ పెట్టి పెండింగ్ కోడ్లు, ట్రిమ్ చూసి ఆ అంకెలు అదే పుస్తకంలో తేదీతో రాసుకోండి.